సైనికుని నిబ్బరం - ఆశకు ఆధారాలు

యుద్ధం ముగిసిన దినమే సైనికునికి శాంతి లభిస్తుందని లోకం భావిస్తుంది. విజయోత్సవాలు జరుగుతాయి. పతకాలు బహూకరింపబడతాయి. పత్రికలు వీరగాథలు ప్రకటిస్తాయి. అటుపిమ్మట లోకం తన పనులలో తాను నిమగ్నమవుతుంది. కాని కాలు కోల్పోయినవానికి, వెన్నెముక దెబ్బతిన్నవానికి, తన ప్రక్కనే నిలిచిన మిత్రుని మరణాన్ని కన్నులారా చూచినవానికి వేరొక యుద్ధం అప్పుడే ప్రారంభమవుతుంది. ఆ యుద్ధంలో శత్రువు కంటికి కనిపించడు. దానికి ముగింపు తేదీ ఉండదు. అందులో గెలిచినవానికి పతకమూ ఉండదు.

ఈ రెండవ యుద్ధాన్ని గూర్చి మన పాఠ్యగ్రంథాలు చెప్పేది చాల తక్కువ. చరిత్ర పుస్తకంలో సంధి పత్రంతో అధ్యాయం ముగుస్తుంది. ఆ సంధి తరువాత ఇంటికి తిరిగివచ్చిన మనిషి ఏమైనాడన్న ప్రశ్న పరీక్షలో రాదు. కావున ఆ విషయాన్నే ఈ వ్యాసంలో పరిశీలింప సంకల్పించాము. సైనికుని మనస్సు గాయపడడం అనగానేమి? గాయపడిన మనస్సు మరల నిలద్రొక్కుకొనడానికి ఏవి ఆధారాలు? అందులో విద్యార్థులమైన మనకు, మన కళాశాలకు గల పాత్ర ఎట్టిది? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర ఇచ్చిన సమాధానాలను వరుసగా చూతము.

తెంపు వేరు, నిబ్బరం వేరు

మన భాషలో ధైర్యానికి పదాలు అనేకం. వానిలో తెంపు, నిబ్బరం అనే రెంటిని పోల్చి చూస్తే మన విషయం కొంత తేటపడుతుంది. తెంపు క్షణకాలపు గుణం. ముందువెనుకలు చూడక మనిషిని నిప్పులో దూకించేది తెంపు. నిబ్బరం దీర్ఘకాలపు గుణం. బరువు మోస్తూ, కాలు జారిన చోట లేచి, మరునాడు మరల అదే బరువును ఎత్తుకొనేది నిబ్బరం. శత్రువుపైకి ఉరకడానికి తెంపు చాలును. తిరిగివచ్చి ముప్పది నలువది సంవత్సరాలు బ్రతకడానికి నిబ్బరం కావలెను.

ఈ నిబ్బరం పుట్టుకతో వచ్చే సొత్తని, కొందరికి ఉండి కొందరికి లేని వరమని పూర్వం అనేకులు తలచేవారు. ఇనుము వంటి మనస్సు గలవాడు చెదరడనీ, చెదిరినవాడు పిరికివాడనీ తీర్మానించేవారు. ఈ అభిప్రాయం తప్పని గత నూరేళ్ళ అనుభవం తేల్చిచెప్పింది. ఇనుము ఓర్పునకు కూడ ఒక హద్దు ఉన్నది. వంతెన కట్టే ఇంజనీరు ఆ హద్దును లెక్కగట్టి బరువును పలు స్తంభాలపై పంచుతాడు. మనిషి మనస్సు విషయంలోనూ చేయవలసినది అదే.

సైనికుని మనోభారాన్ని పంచుకొనే స్తంభాలు మూడని మా అభిప్రాయం. అవి మాట, పని, చోటు. తన అనుభవాన్ని సిగ్గుపడక చెప్పుకొనగలిగిన మనిషి ఒకరు ఉండడం మొదటిది. మిగిలిన శక్తికి తగినదీ, పదిమందికి ఉపయోగపడేదీ అయిన వృత్తి ఒకటి ఉండడం రెండవది. సంఘంలో ఇది నాదని చెప్పుకొనగలిగిన స్థానం ఉండడం మూడవది. ఈ మూడింటిని సమకూర్చినచోట ఆశ తానై మొలకెత్తుతుంది. వీనిని సమకూర్చక ఎంత ఉపదేశించినా, ఎన్ని పూలదండలు వేసినా అది మొలకెత్తదు.

ధర్మరాజు దుఃఖం

గెలిచినవానికి కూడ యుద్ధం గాయం చేస్తుందన్న సత్యం మనకు క్రొత్తది కాదు. మహాభారతంలో శాంతిపర్వం ఈ విషయంతోనే ఆరంభమవుతుంది. తిక్కన తెలుగు చేసిన ఆ పర్వంలో విజేత అయిన ధర్మరాజు రాజ్యం వద్దంటాడు. తాము చంపినవారిలో కర్ణుడు తన అన్న అని తల్లి వలన తెలిసిన పిమ్మట ఆయనకు కన్ను మూతపడదు. అడవులకు పోతానంటాడు. తమ్ములు వాదిస్తారు. ద్రౌపది మందలిస్తుంది. వ్యాసుడు, కృష్ణుడు బోధిస్తారు. ఆ వాదాలతో మాత్రమే ఆయన మనస్సు కుదుటపడదు.

చివరకు ఆయన అంపశయ్యపై ఉన్న భీష్ముని వద్దకు వెళ్ళి కూర్చుంటాడు. ఒంటినిండ బాణాలతో పడి ఉన్న వృద్ధ యోధుడొకరు, గెలిచి కుమిలిపోతున్న రాజు ఒకరు. ఒకరు ప్రశ్నిస్తూ ఉంటే ఒకరు సమాధానం చెబుతూ ఉంటారు. ఆ సంభాషణ ఒక్క పర్వంతో ముగియక అనుశాసనిక పర్వం దాకా సాగుతుంది. ఇక్కడ మనం గమనింపదగిన అంశాలు రెండు ఉన్నాయి. మొదటిది, గాయపడినవాని గోడు గాయమంటే ఏమిటో ఎరిగినవాడు విన్నాడు. రెండవది, దుఃఖం పూర్తిగా తీరిన తరువాతనే రాజ్యభారం వహించమని ఎవరూ ధర్మరాజుతో అనలేదు. పాలన అనే పని చేస్తూనే ఆయన తన ప్రశ్నలను అడిగాడు. మాట, పని జంటగా నడిచినవి.

అమెరికాలో వియత్నాం యుద్ధ సైనికులకు చికిత్స చేసిన జొనాథన్ షే అనే మనోవైద్యుడు 1994లో ప్రకటించిన తన గ్రంథంలో ఆ సైనికుల అనుభవాలను గ్రీకు ఇతిహాసంలోని అఖిలీసు కథతో పోల్చి పరిశీలించారు. ధర్మానికి విరుద్ధమైనది జరిగిందన్న వేదన వలన కలిగే గాయాన్ని నేడు నైతిక గాయం అని వ్యవహరిస్తున్నారు. ధర్మరాజు దుఃఖానికి ఇంతకంటె తగిన పేరు లేదు.

గాయానికి పేరు పెట్టిన కథ

ఆధునిక వైద్యశాస్త్రం ఈ గాయాన్ని గుర్తించడానికి చాల కాలం పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో శరీరంపై ఏ దెబ్బయు లేని సైనికులు వేలకొలదిగా ఆసుపత్రులకు రాసాగారు. కొందరికి చేతులు వణికేవి. కొందరికి మాట పడిపోయింది. కొందరికి కన్ను బాగుగా ఉండియు చూపు పోయింది. నిద్రలో కేకలు వేసేవారు అనేకులు. 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిషు వైద్యుడు లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఈ స్థితిని గూర్చి వ్రాస్తూ షెల్ షాక్ అనే పేరును వాడారు. ఫిరంగిగుండ్ల ప్రేలుడు ధాటికి మెదడు అదిరి ఈ వ్యాధి వచ్చునని తొలుత ఊహించారు. గుండ్లు పడినచోటికి దగ్గరలో లేనివారికి కూడ ఇది కలుగుతున్నదని తెలిసిన తరువాత ఆ ఊహ నిలువలేదు. గాయం మనస్సుకు తగిలిందని అంగీకరింపక తప్పలేదు.

అంగీకరించిన వైద్యులు కొందరే. సైనిక న్యాయస్థానాలు వేరొక దృష్టితో చూచినవి. ఆ యుద్ధకాలంలో పలాయనం, పిరికితనం వంటి నేరాలకుగాను బ్రిటిషు సైన్యం కాల్చిచంపిన సైనికులలో 306 మందికి బ్రిటిషు ప్రభుత్వం 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. వారందరూ మనోవ్యాధి పీడితులేనని చెప్పలేము. కాని వారిలో కొందరికి తుపాకిగుండు బదులు వైద్యం దక్కవలసి ఉండెనని గ్రహించడానికి ఒక దేశానికి దాదాపు 90 సంవత్సరాలు పట్టింది.

ఆ కాలంలోనే స్కాట్లండులోని ఎడింబరో నగరం వద్ద క్రెయిగ్లాకార్ట్ అనే సైనిక వైద్యశాలలో భిన్నమైన ప్రయత్నం జరిగింది. అక్కడ పనిచేసిన డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ మన దేశానికి అపరిచితుడు కాడు. ఆయన అంతకు పూర్వం నీలగిరులలోని తోడా జాతి ప్రజలను గూర్చి పరిశోధించి 1906లో గ్రంథం ప్రకటించిన పండితుడు. జరిగినదంతా మరచిపొమ్మని రోగులకు హితవు చెప్పడం నాటి ఆచారం. మరువజూచిన కొలదీ ఆ స్మృతులు రాత్రివేళ మరింత భయంకరంగా తిరిగివస్తున్నాయని రివర్స్ గమనించారు. పగలంతా అదే తలచుకొని కుమిలిపోవడం కూడ మేలు కాదన్నారు. నమ్మదగిన మనిషితో మాట్లాడి ఆ అనుభవానికి ఒక అర్థం కల్పించుకొనడం మంచిదని ఆయన సిద్ధాంతం.

అదే వైద్యశాలలో ఆర్థర్ బ్రాక్ అనే మరొక వైద్యుడు పనినే మందుగా వాడారు. ఆయన రోగులలో ఒకరు విల్ఫ్రెడ్ ఓవెన్ అనే యువకుడు. ఆ వైద్యశాల రోగులు హైడ్రా అనే పత్రికను నడిపేవారు. ఓవెన్ దానికి సంపాదకత్వం వహించారు. మన కళాశాల పత్రిక వంటి ఒక చిన్న పత్రిక, వణికే చేతులకు ఒక వ్యాపకాన్ని, మూగవోయిన గొంతులకు ఒక వేదికను కల్పించిందన్నమాట. అక్కడనే ఆయనకు సీగ్ఫ్రీడ్ ససూన్ అనే కవితో స్నేహం కలిగింది. ఆంగ్ల సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచిన యుద్ధ కవితలకు ఆ స్నేహం దోహదం చేసింది.

ఈ కథలోని చేదునిజాన్ని కూడ చెప్పవలెను. ఆనాటి సైనిక వైద్యుని లక్ష్యం రోగిని స్వస్థపరచి మరల యుద్ధరంగానికి పంపడమే. ఓవెన్ అట్లే తిరిగివెళ్ళి 1918 నవంబరు 4న, యుద్ధం ముగియడానికి సరిగా వారం దినాల ముందు మరణించారు. మనిషిని ఆయుధం వలె మరమ్మతు చేయడం వేరు, మనిషికొరకే అతనిని బాగుచేయడం వేరు. ఈ తేడాను మనం మరువరాదు.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో ఈ స్థితికి అధికారికంగా స్థానం కల్పించింది. దీనిని తెలుగులో ఆఘాతానంతర మానసిక పీడ అనవచ్చును. పీడకలలు రావడం, చిన్న చప్పుడుకు ఉలికిపడడం, ఆ సంఘటనను జ్ఞప్తికి తెచ్చే చోట్లకు పోకుండ తప్పించుకొనడం, ఆత్మీయుల యెడల కూడ మనస్సు మొద్దుబారడం దీని లక్షణాలు. దీపావళి రాత్రి టపాకాయల మ్రోతకు ఇల్లు విడిచి దూరంగా పోయి కూర్చున్న మాజీ సైనికుని చూచి నవ్వేవారికి ఈ విషయం తెలియదు. అట్లని యుద్ధం చూచిన ప్రతివానికీ ఈ పీడ కలుగుతుందనుకొనడమూ పొరపాటే. అధికసంఖ్యాకులు కాలక్రమాన కోలుకొంటారు. కోలుకొనలేనివారికి నేడు చికిత్స ఉన్నది. జ్వరానికి వైద్యుని చూచినట్లే దీనికీ చూడవలెను.

రెండు గంటలకొకసారి

శరీరం, మనస్సు ఒకేసారి విరిగినచోట ఆశను ఎట్లు నిర్మించవచ్చునో తెలుసుకొనడానికి ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ వైద్యశాలను ఉదాహరణగా తీసుకొందాము. వెన్నుపాము తెగిన సైనికుడు త్వరలోనే మరణిస్తాడన్నది రెండవ ప్రపంచ యుద్ధకాలం వరకు వైద్యుల సామాన్యాభిప్రాయం. నిజానికి వారిలో పెక్కుమందిని చంపినది గాయం కాదు. కదలలేక ఒకేవైపు పడుకొనడం వలన ఏర్పడే పడకపుండ్లు, మూత్రకోశానికి సోకే చీము వారిని చంపేవి. బ్రతకడన్న నమ్మకంతో చేసే అరకొర వైద్యమే ఆ నమ్మకాన్ని నిజం చేసేది.

నాజీల హింసనుండి తప్పించుకొని 1939లో ఇంగ్లండుకు శరణార్థిగా వచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గట్మన్. 1944 ఫిబ్రవరిలో ఆయన స్టోక్ మాండెవిల్‌లో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించారు. ఆయన పెట్టిన మొదటి నియమం మిక్కిలి సామాన్యమైనది. ప్రతి రోగిని రాత్రింబగళ్ళు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. పుండ్లు తగ్గినవి. రోగులు బ్రతకసాగారు. ఆశ అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం మాకు కనబడలేదు. నీవు బ్రతుకుతావని నోటితో చెప్పడంకంటె, అర్ధరాత్రి రెండు గంటలకు లేచి వచ్చి ప్రక్కకు త్రిప్పే చేయి ఎక్కువ ఆశను కలిగిస్తుంది.

బ్రతికినవారు ఏమి చేయవలెనన్నది తరువాతి ప్రశ్న. గట్మన్ వారికి వడ్రంగం, గడియారాల మరమ్మతు, టైపు నేర్పించారు. అటుపిమ్మట క్రీడలు ప్రవేశపెట్టారు. 1948 జూలై 29న లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే స్టోక్ మాండెవిల్ ఆవరణలో చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మంది మాజీ సైనికులు విలువిద్యలో పోటీపడ్డారు. వారిలో 14 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు. 1960లో రోము నగరంలో జరిగిన పోటీలలో 23 దేశాలనుండి 400 మంది పాల్గొన్నారు. నేడు లోకమంతా ఎరిగిన పారాలింపిక్ క్రీడలు ఆ పదహారుమంది వింటినారి నుండి పుట్టినవే.

మన దేశంలో

మన దేశం ఈ విషయంలో వెనుకబడి ఉండలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అంగవైకల్యం పొందిన భారతీయ సైనికులకు వృత్తులు నేర్పడానికి 1917లో బొంబాయిలో క్వీన్ మేరీస్ సాంకేతిక విద్యాలయం వెలసింది. తరువాత దానిని పుణె వద్ద గల ఖడ్కీకి మార్చారు. 1944లో పుణెలో కృత్రిమ అవయవ కేంద్రం ఏర్పడింది. 1974లో ఖడ్కీలోనే వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకొరకు పునరావాస కేంద్రం ప్రారంభమైనది. చేతులు కదలనివారు అక్కడ నోట కుంచె పట్టి చిత్రాలు వేయడం నేర్చుకొన్నారు. చక్రాల కుర్చీలలో బాస్కెట్‌బాల్ ఆడేవారు ఉన్నారు.

మురళీకాంత్ పేట్కర్ చరిత్ర ప్రతి విద్యార్థియు తెలుసుకొనదగినది. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాకు చెందిన ఈ సైనికుడు సైన్యంలోని యాంత్రిక దళానికి చెందినవాడు. ఆ దళపు శిక్షణా కేంద్రాలలో ఒకటి మన సికింద్రాబాదులోనే ఉన్నది. ఆయన మంచి బాక్సింగు క్రీడాకారుడు. 1965 యుద్ధంలో తుపాకిగుండ్లు తగిలి నడుము క్రింది భాగం చచ్చుబడింది. ముష్టియుద్ధం ఇక సాధ్యం కాదు. చికిత్సలో భాగంగా వైద్యులు ఈత సూచించారు. మందుగా మొదలైన ఈత ఆయనకు మరొక జీవితమైనది. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్ క్రీడలలో 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి స్వర్ణపతకం సాధించారు. పారాలింపిక్ క్రీడలలో భారతదేశానికి అదే తొలి స్వర్ణం. పుణెలోని టెల్కో కర్మాగారంలో ఆయన ఉద్యోగం కూడ చేశారు. పద్మశ్రీ పురస్కారం 2018లో లభించింది. పతకానికి, పురస్కారానికి నడుమ 46 సంవత్సరాలు గడిచినవి. పని దొరికినది కాని సంఘంలో చోటు దొరకడం ఎంత ఆలస్యమైనదో ఈ అంకె చెబుతున్నది.

ఇయాన్ కార్డోజో వృత్తాంతం మరొకటి. గూర్ఖా దళాధికారి అయిన ఆయన 1971 యుద్ధంలో సిల్హెట్ ప్రాంతంలో మందుపాతరపై కాలు మోపారు. నుజ్జయిన కాలిని తన ఆజ్ఞ ప్రకారం కోయగలవారు లేక కుక్రీతో తానే ఖండించుకొన్నారు. తరువాత ఆయనకు శస్త్రచికిత్స చేసినవాడు బందీగా ఉన్న పాకిస్తాను సైనిక వైద్యుడు. శత్రుదేశపు వైద్యుని చేతులు తన ప్రాణం నిలిపినవని ఆయన బహిరంగంగా చెప్పుకొన్నారు. కృత్రిమ పాదంతో శారీరక పరీక్షలలో నెగ్గి, భారత సైన్యంలో పటాలానికి నాయకత్వం వహించిన తొలి వికలాంగ అధికారి అయినారు. మేజర్ జనరల్ హోదాలో పదవీ విరమణ చేసిన తరువాత భారత పునరావాస మండలికి అధ్యక్షులై వికలాంగుల సేవలో పాల్గొన్నారు. పోయిన కాలును చూచి పదవి నిరాకరింపక, మిగిలిన సామర్థ్యాన్ని పరీక్షించి చోటిచ్చినందువలననే ఇది సాధ్యమైనది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. ఇట్టి మహనీయుల చరిత్రలను చెప్పి, వారు చేయగా నీవేల చేయలేవని తక్కిన క్షతగాత్రులను నిలదీయరాదు. ఉదయం లేచి తానే ముఖం కడుగుకొనడం ఒకనికి స్వర్ణపతకంతో సమానమైన విజయం కావచ్చును. వీరచరిత్రను ప్రోత్సాహంగా వాడాలి. కొలబద్దగా వాడితే అది ఆశను చంపుతుంది.

సైనిక వస్త్రం విడిచిన తరువాత

గాయపడనివారి సమస్య కూడ ఉన్నది. సైన్యం తన దళాలను యువకులతో నింపుకొనవలసి ఉండడం వలన సామాన్య సైనికుడు సాధారణంగా నలువది ఏండ్ల ప్రాయానికి అటూ ఇటుగా పదవీ విరమణ చేస్తాడు. తోటి ఉద్యోగులు పదోన్నతికై చూచే వయస్సులో ఇతడు క్రొత్తగా ఉద్యోగం వెదకుకొనవలెను. పిల్లల చదువులు అప్పుడే బరువెక్కుతాయి. అంతవరకు గంట కొట్టగానే లేవడం, ఆజ్ఞ వినగానే కదలడం అలవాటైన మనిషికి ఇల్లు ఒక పరాయి దేశం వలె తోచవచ్చును. నిన్నటివరకు హవల్దారుగారు, నేడు రేషను దుకాణం ముందు వరుసలో ఒక మనిషి. భార్య అతడు లేని ఏండ్లలో సంసారాన్ని ఒంటిచేత నడిపి తనదైన పద్ధతి ఏర్పరచుకొని ఉంటుంది. తిరిగివచ్చినవాడు ఆ పద్ధతిని గౌరవించడం, ఆమె అతని మౌనాన్ని అపార్థం చేసుకొనకపోవడం ఇరువురికీ అవసరం.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం వద్ద మాధవరం అనే గ్రామం ఉన్నది. తరతరాలుగా ఇంటింటినుండి సైన్యంలో చేరుతూ ఉండడం వలన దానిని మిలటరీ మాధవరం అంటారు. అట్టి గ్రామంలో సెలవుపై వచ్చిన సైనికుని మౌనాన్ని అర్థం చేసుకొనే తాతలు, మేనమామలు అరుగు అరుగునా ఉంటారు. చోటు అన్న మాటకు అర్థం అదే. నగరంలో ఇరుకు వాటాలో దిగిన మాజీ సైనికునికి ఆ అరుగు లేదు. అతనికి దానిని కల్పించవలసినవారు ఇరుగుపొరుగువారే.

ఈ విషయం మన తరానికి మరింత సన్నిహితం కానున్నది. 2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథ్ పథకం ప్రకారం 17 సంవత్సరాల 6 మాసాలు మొదలు 21 సంవత్సరాల వరకు వయస్సు గలవారు నాలుగు సంవత్సరాల సేవకు చేరుతారు. పథకం ప్రకటించిన నియమాలను బట్టి వారిలో 25 శాతానికి మించకుండ స్థిరసేవకు తీసుకొంటారు. తక్కినవారికి పింఛను ఉండదు, సుమారు 11.71 లక్షల రూపాయల నిధి చేతికి వస్తుంది. ఈ పథకపు గుణదోషాల చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. మనం గ్రహింపవలసినది ఒక్కటే. ఇక ముందు మాజీ సైనికుడనగా నెరసిన మీసాల పెద్దమనిషి మాత్రమే కాడు. ఇరువదియైదు ఏండ్లయినా నిండకుండ తిరిగివచ్చి, మన ప్రక్క బల్లపై కూర్చుని పట్టపరీక్షకు చదివే సహాధ్యాయి కూడ కావచ్చును.

మన కర్తవ్యం

ఏటేటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుగుతుంది. 1949 నుండి ఈ ఆచారం ఉన్నది. ఆ దినాన చిన్న పతాకం కొని చొక్కాకు గ్రుచ్చుకొనడంతో మన బాధ్యత తీరినట్లు తలచరాదు. విద్యార్థులమైన మనం చేయదగినవి కొన్ని, కళాశాల పాలకవర్గం ఆలోచింపదగినవి కొన్ని ఉన్నాయి.

విద్యార్థులు మొట్టమొదట వినడం నేర్చుకొనవలెను. సైనికుడు కనబడగానే ఎందరిని చంపినారని అడగడం మన సినిమాలు నేర్పిన దురలవాటు. అది కుతూహలం కావచ్చును, కాని ఎదుటివానికి అది పుండును రేపడమే. ఆయన చెప్పదలచినప్పుడు వినాలి. చెప్పదలచనప్పుడు ఆ మౌనాన్ని గౌరవించాలి. ఎవరైనా నిద్రలేక, తిండి తినక, బ్రతుకుపై విరక్తి మాటలు పలుకుతూ ఉంటే అతనిని ఒంటరిగా విడువరాదు. వైద్యుని వద్దకు తోడు వెళ్ళాలి. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవలో 14416 అనే సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను మానసిక వైద్య సహాయం ఉచితంగా కోరవచ్చును. సైనికులు, వారి కుటుంబాలవారి కొరకు 2023లో పుణెలో ఆ సేవకు ప్రత్యేక విభాగం కూడ ఏర్పడింది. సహాయం అడగడం సైనిక ధర్మానికి విరుద్ధం కాదు. యుద్ధరంగంలో ముందుకు పోయే జట్టు వెనుకనుండి కాల్పుల అండ కోరుతుంది. దానిని పిరికితనమని ఎవరూ అనరు.

పాలకవర్గానికి మా విన్నపాలు మూడు. మొదటిది, మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ పోవడానికి వీలైన వాలుదారి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు చొప్పున దానిని నిర్మించవలెను. ఆ దారి లేని గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలు ఉన్నా, అవి చక్రాల కుర్చీలో ఉన్నవానికి లేనట్లే. రెండవది, చదువు మధ్యలో ఆపి సైన్యంలో చేరి తిరిగివచ్చినవారికి ప్రవేశ సమయంలో సలహా ఇచ్చే ఒక అధ్యాపకుడు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంతో ఉత్తరప్రత్యుత్తరాలు. మూడవది, మాజీ సైనికులను వార్షికోత్సవంలో శాలువ కప్పి పంపివేయక, ప్రథమ చికిత్స, పటం చదవడం, వ్యాయామం వంటి విషయాలలో గురువులుగా ఆహ్వానించడం. శాలువ ఒక పూట గౌరవం. పాఠం చెప్పే బల్ల ఏడాది పొడుగునా గౌరవం. మాట, పని, చోటు అని మనం పైన చెప్పుకొన్న మూడును ఆ ఒక్క బల్ల దగ్గర కలుస్తాయి.

విద్యార్థి మిత్రులారా! నిబ్బరం ఒక్కని గుండెలో దాగిన నిధి కాదని చరిత్ర మనకు చూపింది. భీష్ముని ప్రక్కన కూర్చున్న ధర్మరాజునకు, హైడ్రా పత్రిక అచ్చుప్రతులు దిద్దిన ఓవెన్‌కు, ఈతకొలనులో దిగిన పేట్కర్‌కు అది మరొకరి తోడుతో కలిగింది. సైనికుడు మనకొరకు సరిహద్దున మేలుకొని ఉన్నాడని మనం ఉపన్యాసాలలో తరచు అంటూ ఉంటాము. అతడు ఇంటికి వచ్చి నిద్రపట్టక మేలుకొన్న రాత్రి, తలుపు తట్టడానికి మన వీధిలో ఒక ఇల్లు ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం ప్రభుత్వ ఉత్తర్వులలో దొరకదు. మనమే చెప్పవలెను.